ఎవరి లెక్కన విదేశీయుడు? క్రీడా క్విజ్ నిర్వాహకులకు, జీకే పుస్తకాల ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాలలో పాఠశాల, కళాశాల స్థాయి క్రీడా క్విజ్ పోటీలు నిర్వహించేవారికి, వాటికి ప్రశ్నలు తయారుచేసేవారికి, పోటీ పరీక్షల జీకే పుస్తకాలు, బిట్‌బ్యాంకులు ప్రచురించేవారికి, పత్రికల క్రీడా విభాగాల బాధ్యులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఫుట్‌బాల్ మైదానం దగ్గరలో లేని ఊళ్ల పిల్లలకు కూడా ఆ ఆట చరిత్ర మీద ఆసక్తి కలుగుతున్నదంటే అందులో మీ పోటీలకూ మీ పుస్తకాలకూ వాటా ఉంది. అందుకు కృతజ్ఞతలు చెప్పి విషయానికి వస్తున్నాను.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా పాఠశాల పిల్లలు నిరుడు ఒక క్రీడా క్విజ్ పోటీలో పాల్గొన్నారు. అందులో “ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన తొలి విదేశీ మేనేజర్ ఎవరు?” అని అడిగారు. మా పిల్లలు అలెక్స్ ఫెర్గూసన్ అని రాశారు. కీలో మాత్రం ఆర్సెన్ వెంగర్ అని ఉంది. అదే ప్రశ్నపత్రంలో కొంచెం కిందకు వెళితే “ప్రీమియర్ లీగ్ టైటిల్‌ను ఇంగ్లండ్ దేశస్థుడైన మేనేజర్ ఎవరూ ఇంతవరకు గెలవలేదు: అవునా, కాదా?” అన్న మరో ప్రశ్న ఉంది, దానికి కీ “అవును” అంటోంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ రెండూ బ్రిటన్‌లోవే అయినా ఫుట్‌బాల్‌లో వేర్వేరు దేశాలు. 1992–93లో మాంచెస్టర్ యునైటెడ్‌తో తొలి టైటిల్ గెలిచిన ఫెర్గూసన్, 1994–95లో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను గెలిపించిన కెన్నీ డాల్గ్లిష్ ఇద్దరూ స్కాట్లండ్‌వారు కాబట్టే ఆ “అవును” నిలుస్తుంది. 1997–98లో ఆర్సెనల్‌తో గెలిచిన ఫ్రెంచి దేశస్థుడు వెంగర్‌ను “తొలి విదేశీయుడు” అనాలంటే మాత్రం ఆ స్కాట్లండ్‌వారిద్దరినీ స్వదేశీయులుగా లెక్కించాలి. ఒకే ప్రశ్నపత్రంలో ఒకే మనిషి రెండు విధాలుగా లెక్కకు వచ్చాడన్న మాట. ఆ ఒక్క మార్కు తేడాతో మా జట్టు తుది విడతకు చేరలేదు. నిర్వాహకులకు లేఖ రాశాను, జవాబు రాలేదు. ఫోన్ చేస్తే “కీ ఫైనల్ అయిపోయింది సార్” అన్నారు. ఆ తర్వాత అదే బిట్ అదే జవాబుతో ఒక జీకే పుస్తకంలో కనిపించింది. ఇక ఈ విషయాన్ని అందరి ముందు ఉంచక తప్పలేదు.

వెంగర్ అన్న జవాబు పూర్తిగా తప్పని నేను అనడం లేదు. బ్రిటన్, ఐర్లండ్‌లకు బయటి నుంచి వచ్చినవారినే విదేశీయులుగా లెక్కించడం ఇంగ్లండ్ క్రీడా రచయితలకు పాత అలవాటు, ఆ లెక్క ప్రకారం వెంగరే తొలివాడు. అయితే ఆ లెక్కను ప్రశ్నలో చెప్పాలి కదా. ఫుట్‌బాల్‌లో విదేశీయుడెవరన్నది లీగు నిబంధనను బట్టి, ఖండ సమాఖ్యను బట్టి, దేశపు పౌరసత్వ చట్టాన్ని బట్టి, సంవత్సరాన్ని బట్టి మారిపోతుంది. ఈ సంగతి ప్రశ్నలు తయారుచేసేవారికి గుర్తుండటం లేదని చెప్పడానికి కొన్ని ఉదాహరణలు మనవి చేస్తాను.

1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ మొదలైన వారం, అన్ని జట్ల ఆరంభ పదకొండుగురిలో కలిపి 13 మందే విదేశీయులున్నారన్న బిట్ చాలా ప్రసిద్ధం. పీటర్ ష్మైకెల్, ఎరిక్ కాంటోనా, ఆండ్రీ కాంచెల్‌స్కిస్, ఇప్స్‌విచ్ గోల్‌కీపర్‌గా ఆడిన కెనడా దేశస్థుడు క్రెయిగ్ ఫారెస్ట్ మొదలైనవారు ఆ జాబితాలో ఉన్నారు. మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడిన డెనిస్ ఇర్విన్ మాత్రం అందులో లేడు. ఇర్విన్ ఆడింది ఐర్లండ్ రిపబ్లిక్ జాతీయ జట్టుకు. బ్రిటన్ నుంచి 1922లోనే విడిపోయి, సొంత పాస్‌పోర్టు, సొంత జట్టు ఉన్న దేశపు ఆటగాడు విదేశీయుల జాబితాలో లేకపోవడం ఆ జాబితా తయారుచేసినవారి అలవాటు వల్లనే తప్ప ఏ చట్టం వల్లా కాదు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1994 నవంబర్ 2న, అదే మాంచెస్టర్ యునైటెడ్ చాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనాతో ఆడటానికి వెళ్లింది. అప్పట్లో యూరప్ సమాఖ్య పోటీలలో ముగ్గురు విదేశీయులకు, ఆ దేశపు క్లబ్బులలోనే కుర్రతనం నుంచి ఆడి స్థానికులతో సమానంగా పరిగణించే మరో ఇద్దరికి మాత్రమే అవకాశం ఉండేది. ఆ నిబంధనలో ఇంగ్లండ్ క్లబ్బుకు ఐర్లండ్, స్కాట్లండ్, వేల్స్ ఆటగాళ్లు కూడా విదేశీయులే. కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచి మాంచెస్టర్ క్లబ్బులోనే పెరిగిన ర్యాన్ గిగ్స్ సైతం వేల్స్‌కు ఆడుతున్నందున ఆ రెండో కోటాలోకి వెళ్లవలసి వచ్చింది. కోటా సరిపెట్టడానికి డెన్మార్క్‌వాడైన ష్మైకెల్‌ను పక్కనపెట్టి ఇంగ్లండ్ దేశస్థుడైన గోల్‌కీపర్ గ్యారీ వాల్ష్‌ను ఆడించారు. యునైటెడ్ 4–0తో ఓడింది. అంటే శనివారం లీగ్ మ్యాచ్‌లో ఎవరూ విదేశీయుడనని ఆటగాడు బుధవారం యూరప్ మ్యాచ్‌కు వచ్చేసరికి విదేశీయుడైపోయేవాడు. “మాంచెస్టర్ యునైటెడ్ జట్టులో విదేశీయులెందరు?” అని ఆ సంవత్సరం గురించి ఎవరైనా అడిగితే, ఏ పోటీలో అని తిరిగి అడగవలసిందే.

1995 డిసెంబర్ 15న బెల్జియం ఆటగాడు జాన్ మార్క్ బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం తీర్పు ఇచ్చాక, యూరోపియన్ యూనియన్ పౌరులపై అటువంటి కోటాలు చెల్లకుండా పోయాయి. 1999 డిసెంబర్ 26న సౌతాంప్టన్‌పై చెల్సీ దింపిన ఆరంభ పదకొండుగురిలో బ్రిటన్‌వారు గాని, ఐర్లండ్‌వారు గాని ఒక్కరూ లేరు. నెదర్లాండ్స్, స్పెయిన్, బ్రెజిల్, ఫ్రాన్స్, నైజీరియా, రొమేనియా, ఇటలీ, ఉరుగ్వే, నార్వే ఆటగాళ్లతో ఆ జట్టు నిండింది. ఏ లెక్కన చూసినా జవాబు మారదు కనుక ఇది క్విజ్‌కు పనికివచ్చే మంచి ప్రశ్న. (ఇటలీకి ఆడిన రాబర్టో డి మాటియో పుట్టింది స్విట్జర్లాండ్‌లో అన్న సంగతి కూడా ఆ జవాబును చెదరగొట్టదు.)

2010–11 నుంచి ప్రీమియర్ లీగ్‌లో వచ్చిన, ఒక్కో క్లబ్బు నమోదు చేయించే 25 మంది ఆటగాళ్ల జాబితా నిబంధన లెక్కను మరో దారి పట్టించింది. ఆ జాబితాలో 17 మందికి మించి బయట తయారైన ఆటగాళ్లు ఉండకూడదు. 21 ఏళ్లు నిండేలోపు మూడు సీజన్లపాటు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బులలో నమోదై ఉన్నవారు, పౌరసత్వం ఏదైనా సరే, స్థానికంగా తయారైనవారే. 16 ఏళ్ల వయసులో ఆర్సెనల్‌కు వచ్చిన సెస్క్ ఫాబ్రెగాస్ ఈ లెక్కన స్థానికుడు. స్పెయిన్‌తో 2010 ప్రపంచకప్ గెలిచి, తర్వాత బార్సిలోనాకు వెళ్లి, అక్కడి నుంచి ఇంగ్లండ్‌కు తిరిగి వచ్చి చెల్సీలో చేరినా అతడి స్థానికత పోలేదు. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు ఆడిన ఎరిక్ డయర్ పోర్చుగల్‌లో పెరిగి అక్కడి క్లబ్బులో తయారైనందున టోటెన్‌హామ్ జాబితాలో స్థానికుడిగా లెక్కకు రాలేదు. “కింది వారిలో విదేశీ ఆటగాడు ఎవరు?” అని ఈ ఇద్దరి పేర్లూ ఇస్తే మీ కీ ఏమంటుంది?

జాతీయ జట్ల విషయానికి వస్తే చిక్కు ఇంకా పాతది. లూయిస్ మోంటి 1930 ప్రపంచకప్ ఫైనల్ అర్జెంటీనాకు, 1934 ఫైనల్ ఇటలీకి ఆడాడు. ఆల్ఫ్రెడో డి స్టెఫానో అర్జెంటీనా, కొలంబియా, స్పెయిన్ జెర్సీలు మూడూ వేసుకున్నాడు. 1951–52లో ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో 33 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచిన న్యూకాజిల్ ఆటగాడు జార్జ్ రోబ్లెడో చిలీలో పుట్టి, చిన్నతనం నుంచి ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పెరిగి, 1950 ప్రపంచకప్‌లో చిలీ తరఫున ఇంగ్లండ్ మీదనే ఆడాడు. 2022 ప్రపంచకప్‌లో సెమీఫైనల్ దాకా వచ్చిన మొరాకో జట్టులో 26 మందికి 14 మంది ఆ దేశం బయట పుట్టినవారే. వారిని విదేశీయులంటే మొరాకోలో ఎవరూ ఒప్పుకోరు.

మన దేశం సంగతి మీరు మరింత జాగ్రత్తగా చూడవలసింది. “విదేశంలో పుట్టి భారత జట్టుకు ఆడిన తొలి ఫుట్‌బాలర్ ఎవరు?” అన్న బిట్‌కు అరాటా ఇజుమి అని జవాబు ఇస్తున్నారు. జపాన్‌లో పుట్టి, జపాన్ పౌరసత్వం వదులుకుని, భారత పౌరసత్వం తీసుకుని 2013లో భారత జట్టుకు ఆడిన ఇజుమి త్యాగం చిన్నది కాదు. కానీ హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టును ఒకసారి చూడండి. కెప్టెన్ చునీ గోస్వామి పుట్టింది కిశోర్‌గంజ్‌లో, అది నేడు బంగ్లాదేశ్‌లో ఉంది. దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన ఫైనల్‌లో ఒక గోల్ చేసిన జర్నైల్ సింగ్ కుటుంబం నేటి పాకిస్తాన్‌లోని లయల్‌పూర్ ప్రాంతం నుంచి దేశవిభజనలో తరలివచ్చింది. నేటి సరిహద్దుల ప్రకారం లెక్కిస్తే ఇజుమి తొలివాడు కానే కాడు, వారు పుట్టిన నాటి సరిహద్దుల ప్రకారమైతే గోస్వామి, జర్నైల్ విదేశంలో పుట్టినవారే కారు. ఏ పటం ముందు పెట్టుకుని ఆ ప్రశ్న తయారుచేశారు? “విదేశీ పౌరసత్వం వదులుకుని వచ్చి” అన్న నాలుగు మాటలు చేర్చి ఉంటే ఇంత చిక్కే ఉండేది కాదు.

ఇటీవలి ఉదాహరణ ర్యాన్ విలియమ్స్. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టి, ఆ దేశానికి ఒక స్నేహపూర్వక మ్యాచ్ కూడా ఆడిన ఈయన, తల్లి వైపు నుంచి భారతీయ మూలాలు ఉన్నవారు. 2023 నుంచి బెంగళూరు ఎఫ్‌సీకి విదేశీ కోటాలో ఆడి, 2025లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు వదులుకుని భారత పౌరుడయ్యారు. అదే క్లబ్బు, అదే జెర్సీ, అదే మనిషి. సంవత్సరం చెప్పకుండా “బెంగళూరు ఎఫ్‌సీ విదేశీ ఆటగాళ్లలో ఒకరు” అని అడిగితే జవాబు తప్పో ఒప్పో ఎవరు తేల్చగలరు?

తెలుగువారికి ఇష్టమైన బిట్ మరొకటి ఉంది. 2006 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ తరఫున బరిలోకి దిగిన వికాస్ ధొరాసూ పూర్వీకులు తెలుగు ప్రాంతం నుంచి మారిషస్ వెళ్లినవారు. “ప్రపంచకప్ ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు” అని ఆయన పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం. అయితే 1994 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్‌లో బ్రెజిల్‌పై నెదర్లాండ్స్ రెండో గోల్ చేసిన, సురినామ్‌లో పుట్టిన ఆరన్ వింటర్‌కు కూడా భారతీయ మూలాలు ఉన్నాయని చెబుతారు. ఎన్ని తరాల వెనక్కు వెళ్లవచ్చు, ఎంత భాగం మూలం ఉంటే సంతతి అనాలి అన్న హద్దు చెప్పకుండా “తొలి” అన్న మాట వాడటం వల్లనే ఈ పేచీ. మనవాడన్న ప్రేమతో కీ రాయకూడదని ఒక తెలుగువాడిగానే చెబుతున్నాను.

ఇదంతా క్విజ్ పిచ్చి ఉన్న నలుగురి వాదులాట అని మీరు కొట్టిపారేయవచ్చు. దీని ఫలితం ఎవరి మీద పడుతున్నదో చూడండి.

1. ఎక్కువ చదివిన విద్యార్థే నష్టపోతున్నాడు. బిట్‌బ్యాంకు బట్టీ పట్టినవాడు వెంగర్ అని రాసి మార్కు తెచ్చుకుంటాడు. ఫెర్గూసన్ స్కాట్లండ్‌వాడని, స్కాట్లండ్‌కు వేరే జాతీయ జట్టు ఉందని తెలిసిన పిల్లవాడు ఆలోచించి రాసినందుకు మార్కు పోగొట్టుకుంటాడు. మరుసటి పోటీకి సిద్ధం చేసేటప్పుడు నాలాంటి ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడికి ఏమి చెప్పాలి? నిజం చెప్పాలా, కీలో ఉన్నది చెప్పాలా? మా పాఠశాలలో ఈ ప్రశ్న పిల్లలే నన్ను అడిగారు.

2. జిల్లాలలో, మండలాలలో చాలామంది అభ్యర్థులకు ఆధారం ఒకటి రెండు జీకే పుస్తకాలే. తప్పు జవాబుకు మార్కులు కోసే పరీక్షలో అటువంటి బిట్ ఎదురైతే, ఒక్క మార్కు తేడాతో వందల మంది వెనక్కు పోయే చోట, దాని బరువు ఉద్యోగం మీద పడుతుంది. ప్రభుత్వ నియామక కమిషన్లు ప్రాథమిక కీ విడుదల చేసి అభ్యంతరాలు స్వీకరిస్తాయి. అభ్యంతరం చెప్పబోయిన అభ్యర్థి చేతిలో రుజువుగా ఉండేది మీ పుస్తకమే. అది అస్పష్టంగా ఉంటే అతడు ఏమి చూపించాలి?

3. విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఫుట్‌బాల్ శ్రద్ధగా నేర్చుకుంటున్న పిల్లలున్నారు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉంటే భారత జట్టుకు ఆడవచ్చని నమ్మేవారు వారి తల్లిదండ్రులలో ఉన్నారు. 2008 నుంచి అమలులో ఉన్న ప్రభుత్వ విధానం ప్రకారం భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ఆడగలరు. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించదు కాబట్టి రెండో పాస్‌పోర్టు వదులుకోక తప్పదు. “భారత సంతతి”, “భారత పౌరుడు”, “భారత ఆటగాడు” అన్న మూడింటినీ కలిపి రాసే వార్తలు చదివి పదహారేళ్ల పిల్లవాడి భవిష్యత్తు గురించి నిర్ణయాలు తీసుకునేవారికి ఈ తేడా చిన్న విషయం కాదు.

4. 2018లో ఫ్రాన్స్ ప్రపంచకప్ గెలిచినప్పుడు “ఆఫ్రికా ఆటగాళ్ల జట్టు” అన్న వ్యాఖ్యలు మన దగ్గర కూడా వినిపించాయి. ఆ 23 మందిలో ఆఫ్రికాలో పుట్టినవారు సామ్యుయెల్ ఉమ్టిటి, స్టీవ్ మండండా ఇద్దరే. ఎంబాపె, కాంటే పుట్టింది పారిస్‌లోనే. అదే ఏడాది జర్మనీ ఓడినప్పుడు, జర్మనీలోనే పుట్టిన మెసుట్ ఓజిల్, గెలిస్తే తాను జర్మన్‌నని, ఓడితే వలస వచ్చినవాడినని బాధపడుతూ జాతీయ జట్టు నుంచి తప్పుకున్నాడు. ఒంటి రంగు, ఇంటిపేరు చూసి విదేశీయుడని తేల్చడం పిల్లలు ఎక్కడో ఒకచోట నేర్చుకుంటారు. అది బడిలో జరిగే క్విజ్ కాకూడదు.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది:

1. “విదేశీ” అన్న మాట వచ్చే ప్రతి ప్రశ్నలో ఆధారం చెప్పాలి: పౌరసత్వమా, పుట్టిన చోటా, ఆడిన జాతీయ జట్టా, లీగ్ కోటా నిబంధనా అన్నది స్పష్టం కావాలి. “బ్రిటన్, ఐర్లండ్‌లకు వెలుపలి నుంచి వచ్చి ప్రీమియర్ లీగ్ టైటిల్ గెలిచిన తొలి మేనేజర్ ఎవరు?” అని అడిగితే వెంగర్ తప్ప మరో జవాబు రాదు. ఒక్క పంక్తి పెరుగుతుంది, అంతే.

2. నిబంధనలు మారే విషయాలలో సీజన్ లేదా తేదీ తప్పక ఇవ్వాలి. ఒక దేశపు జాతీయ జట్టు నుంచి మరో దేశపు జట్టుకు ఆటగాడు మారే నిబంధనలను అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య (ఫిఫా) 2020లో సడలించింది. బ్రెక్సిట్ తర్వాత, 2021 జనవరి నుంచి, యూరోపియన్ యూనియన్ ఆటగాళ్లకు ఇంగ్లండ్‌లో పాయింట్ల పద్ధతిలో అనుమతి తప్పనిసరైంది, ఐర్లండ్ పౌరులకు మాత్రం అక్కర్లేదు. పాత పుస్తకంలోని జవాబును తేదీ లేకుండా కొత్త పుస్తకంలోకి ఎక్కించడం ఆపాలి.

3. క్విజ్ పోటీలలో కూడా ప్రాథమిక కీ ప్రకటించి, కనీసం రెండు రోజులు అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. రెండు జవాబులకూ ఆధారం ఉందని తేలితే రెంటికీ మార్కు ఇవ్వాలి, లేదా ఆ ప్రశ్న తీసివేయాలి. అభ్యంతరం తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

4. ప్రచురణకర్తలు వచ్చే ముద్రణలో ఈ బిట్లు సరిచేయాలి. ఇప్పటికే అమ్మిన పుస్తకాల కోసం సవరణల పట్టిక విడుదల చేయాలి.

5. క్రీడా విలేకరులు ఆటగాడి పుట్టుక, పౌరసత్వం, జాతీయ జట్టు ఈ మూడింటినీ విడివిడిగా రాయాలి.

6. ఫుట్‌బాల్ ప్రశ్నలంటే ఇంగ్లండ్ లీగ్ ప్రశ్నలే అన్న ధోరణి తగ్గాలి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకు కోచ్ మన హైదరాబాదీ రహీమ్. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడ. వీరి పేర్లు తెలియని పిల్లలు ఫాబ్రెగాస్ కోటా వివరాలు ఒప్పజెప్పడం నాకు వ్యాయామ ఉపాధ్యాయుడిగా కొంత సిగ్గుగానే ఉంటుంది.

నిరుటి పోటీ నిర్వాహకులకు ప్రత్యేకంగా ఒక మాట. ఈ ఏడాది పోటీ ప్రకటన వెలువడేలోగా ఆ రెండు ప్రశ్నలపై మీ నిర్ణయాన్ని పాల్గొన్న పాఠశాలలన్నిటికీ లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఫెర్గూసన్ అని రాసిన జట్టు మాది ఒక్కటే అయి ఉండదు. మీ నిర్ణయం తెలియకుండా మా పిల్లల పేర్లు నమోదు చేయించడానికి వారి తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు